దెమ్యాన్ వాటా

“చెయ్యి తియ్యి తల్లీ... ఉల్యానా! చెయ్యి తియ్యి!”

మాటతో ఆగలేదు తెక్లా పిన్ని. పిండి తొట్టిలోకి దిగబోతున్న ఉల్యానా మణికట్టును గట్టిగా పట్టుకుని పక్కకు లాగేసింది! తొట్టి చుట్టూ నిలబడి పాడుతున్న ఆడవాళ్ల గొంతులు ఒక్కసారిగా ఆగిపోయాయి. గిన్నె అంచుకు గుడ్డు కొట్టబోతున్న ఒకావిడ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. పెళ్లికూతురు యారీనా తల్లి వంకా వదిన ఉల్యానా వంకా మార్చి మార్చి చూసింది.

ఉల్యానాకు మొదట ఏమీ అర్థం కాలేదు. చేతులు సరిగా కడుక్కోలేదనుకుందేమో పాపం, వాటిని తిప్పి తిప్పి చూసుకుంది! మోచేతుల దాకా శుభ్రంగానే ఉన్నాయి. వేలికి భర్త దెమ్యాన్ తొడిగిన పెళ్లి ఉంగరం ఎప్పటిలాగే ఉంది. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లను లెక్కపెట్టుకుంది. పెళ్లి రొట్టెకు ఆడవాళ్లు బేసి సంఖ్యలో కూడాలి. తనతో కలిపి ఏడుగురు అవుతారనుకుంది. తను కాకుండానే ఏడుగురు ఉన్నారు! అంటే... తనను ముందే తీసేశారు!

కొరొవాయ్ అనే ఆ పెళ్లి రొట్టె పిండి అందరూ ముట్టేది కాదు. ఆ సంగతి ఆ పల్లెల్లో పుట్టిన ఏ ఆడపిల్లకూ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, తల్లి కొంగు పట్టుకుని తిరుగుతుండగానే తెలిసిపోతుంది. మొదటి పెళ్లి మొగుడితో చల్లగా కాపురం చేసుకుంటున్న ఇల్లాలే ఆ పిండిలో చెయ్యి పెట్టాలి. విడిపోయినవాళ్లు ముట్టకూడదు. భర్త పోయినవాళ్లు అసలే ముట్టకూడదు... వాళ్ల బతుకులోని కీడు కొత్త జంటకు అంటుకుంటుందట! అందుకే పెళ్లికూతురి కన్నతల్లి అయ్యుండీ పరాస్కా గడప దగ్గరే నిలబడి ఉంది. ఆమె భర్త పోయి ఏళ్లయింది. మరి ఉల్యానా? ఉల్యానా భర్త దెమ్యాన్ యుద్ధానికి వెళ్లాడు. పోయిన చలికాలం నుంచి అతని ఆచూకీ లేదు. లేకపోతే? ఆచూకీ లేకపోవడమంటే మనిషి లేకపోవడమా? 

“మా ఆయన లేడని ఎవరు చెప్పారు పిన్నీ మీకు?” ఉల్యానా అడిగింది. “చెప్పండి! ఎవరు చూసొచ్చారు? నేను నల్ల స్కార్ఫ్ కట్టానా? ఆయన కంచం తీసేశానా? రోజూ ఆయనకో గిన్నె బోర్ష్ చారు తీసి పక్కన పెడుతున్నాను... మీ కళ్లతో మీరు చూడట్లేదా?”

తెక్లా పిన్ని మొహం ఎర్రబడింది. ఊళ్లో పెళ్లిరొట్టె పెద్ద ఆవిడే. నోరున్న మనిషి, ఎవరికీ తలవంచదు. అలాంటిది నేల చూపులు చూసింది.

“నన్నడక్కు తల్లీ... నా మీద ఒట్టు, నాకై నేను అనలేదు. మీ అత్తగారినడుగు.”

ఏడు తలలూ గడప వైపు తిరిగాయి. పరాస్కా రెండు చేతులూ ఏప్రన్ కింద దాచుకుని, పెదవులు బిగించుకుని నిలబడింది.

“అవును. నేనే చెప్పాను. కోడలిని పిండి దగ్గరికి రానివ్వొద్దని.”

నెత్తిన పిడుగు పడ్డా ఉల్యానా అంతలా నిర్ఘాంతపోయేది కాదు! ఎవరన్నా ఎవరు? కన్నతల్లి! నిన్నమొన్నటి దాకా ‘నా కొడుకు బతికే ఉన్నాడు’ అని ఊరందరితో గొడవపడ్డ మనిషి! చర్చిలో ఎవరో దెమ్యాన్ పేరును పోయినవాళ్లతో కలిపి తలుచుకుంటే, వాళ్ల చేతిలో కొవ్వొత్తి లాక్కుని ఆర్పేసిన మనిషి!

“అమ్మా!” యారీనా ఏడుస్తూ ముందుకొచ్చింది. “వదిన ముట్టని రొట్టె నాకు వద్దు! పెళ్లీ వద్దు ఏమీ వద్దు! నన్ను చిన్నప్పటి నుంచి జడలేసి పెంచిన వదినని పట్టుకుని...”

“నోరు ముయ్యి!” పరాస్కా అరిచింది. “ఒస్తాప్‌కి సోమవారం దాకానే సెలవు. సోమవారం తెల్లారేసరికి బండెక్కి మళ్లీ యుద్ధానికి పోవాలి. పెళ్లి వద్దంటావా? అను! అదీ అను, వింటాను!”

పెళ్లికొడుకు ఒస్తాప్ పేరు వింటే చాలు, యారీనాకు ఎక్కడలేని భయమూ పుట్టుకొస్తుంది. మళ్లీ సెలవు ఎప్పుడో... అసలు వస్తుందో రాదో... ఎవరికి తెలుసు?

తెక్లా పిన్ని అందరికీ సర్దిచెప్పబోయింది. “నియమం అంటే నియమం ఉల్యానా, కోపం తెచ్చుకోకు. కల్ఖోజ్ రోజుల్లో, అదే ఉమ్మడి పొలాల రోజుల్లో, ఈ రొట్టెను చూసి అధికారులు పాతకాలపు మూర్ఖత్వమని నవ్వేవాళ్లు. మా అమ్మ కిటికీలకు దుప్పట్లు కట్టి, గొంతు తగ్గించి పాడుకుంటూ కాల్చింది. అంతకు ముందు మా అమ్మమ్మ పెళ్లినాటికి కరువు. ఉన్న గింజలన్నీ ప్రభుత్వంవాళ్లు ఊడ్చుకుపోయారు. ఎండు బీట్‌దుంపా తవుడూ కలిపి పిడికెడంత రొట్టె చేశారట, అయినా ఏడుగురు ఆడవాళ్లూ చుట్టూ కూడారు! అంత గడ్డురోజుల్లోనూ తప్పని పద్ధతి...”

“ఆయన వెళ్లింది దేనికి పిన్నీ మరి!” ఉల్యానా ఒక్కసారిగా భగ్గుమంది. “మీరంటూ ఒక జాతే లేదు, మీ పాట మాదే, మీ మాట మాదే అంటున్నవాళ్ల మీదకే కదా ఆయన వెళ్లింది? ఈ పాట ఉండాలని, ఈ తొట్టి ఉండాలనే కదా? ఆయన కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నదాని చేతిని ఇదే తొట్టి దగ్గర నుంచి విసిరికొడతారా? ఎంత చక్కటి పద్ధతండీ మనది!”

ఏడుగురిలో నలుగురి మొగుళ్లు యుద్ధంలోనే ఉన్నారు... ఏం మాట్లాడతారు? ఉల్యానా ఏప్రన్ ఊడదీసి బల్ల మీద పడేసి, అత్తగారిని రాసుకుంటూ గడప దాటి వెళ్లిపోయింది.

పెరటి చివర వేసవి వంటిల్లు. పోక్రోవా పండుగ దాటిపోయి చలి మొదలైంది కాబట్టి అక్కడ ఇప్పుడు పొయ్యి వెలగదు. ఉల్యానా ఉల్లిపాయల జడల కింద బల్ల మీద కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంట్లోంచి పాట మళ్లీ మొదలైంది. మొదలవదూ మరి? పిండి ఆగుతుందా! ఆ పాటను ఆమె తన పెళ్లప్పుడు విన్నది. ఆ ఏడాది నుంచి ఊళ్లో ఏ పెళ్లి జరిగినా తనే పాడింది. ఇక పొయ్యి సంగతి చెప్పక్కర్లేదు! ఉంగరాల జుట్టు మగవాడే పొయ్యి ఊడ్చి, రొట్టెను లోపల పెట్టాలి. దెమ్యాన్ తలనిండా ఉంగరాలే! చీపురు పట్టుకుని అతను పొయ్యి ముందు చేసే వేషాలకు ఆడవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వేవాళ్లు. ‘మీ ఊరి కాపురాలన్నీ నా జుట్టు మీద నిలబడ్డాయి, జాగ్రత్త!’ అని బెదిరించేవాడు.

వెనక తలుపు కిర్రుమంది. పరాస్కా లోపలికి వచ్చి తలుపు మూసింది.

“ఎందుకొచ్చారు?” ఉల్యానా తల తిప్పలేదు. “ఇంకేమైనా మిగిలిందా? ఇల్లు కూడా ఖాళీ చెయ్యమంటారా?”

“అమ్మాయ్...”

“అనకండి! ఆ మాట అనకండి! నేను మీకేమవుతాను ఇప్పుడు? నా మొగుణ్ణి మీరు నలుగురిలో పాతిపెట్టారు! పరాయివాళ్లు అంటే పడేదాన్ని, మీరన్నారు! నవమాసాలు మోసిన మీరు! ఆశ వదులుకోవడానికి నోరెలా వచ్చింది అత్తయ్యా మీకు? ఆయన రేపు గేటు తీసుకుని వచ్చి, ‘అమ్మా, చెల్లి పెళ్లి రొట్టె నా పెళ్లాం చేతిది ఏదే?’ అంటే ఏం చెబుతారు?”

పరాస్కా గోడకు ఆనుకుని, అలాగే జారి, కింద పరిచిన గోనెపట్ట మీద కూర్చుండిపోయింది. ఆ కూర్చోవడం చూసి ఉల్యానా నోటిలో తర్వాతి మాట ఆగిపోయింది. పరాస్కా ఎన్నడూ నేల మీద కూర్చునే మనిషి కాదు.

“నీకు చెప్పాను అబద్ధం... యారీనాకి చెప్పాను. ఊరందరికీ చెప్పాను.” పరాస్కా గొంతు ఎవరిదోలా ఉంది. “ఎంతో తేలిగ్గా చెప్పానే... నాకే ఆశ్చర్యం. ఆ పిండికి మాత్రం చెప్పలేకపోయాను.”

“ఏం... ఏం అబద్ధం?”

“నేనూ మా ఆడబిడ్డల పెళ్లిళ్లకు ఆ పిండి పిసికినదాన్నే. నా కూతురి రొట్టె అది. నువ్వు చెయ్యి పెట్టబోతుంటే... తెలిసి తెలిసి ఎలా ఊరుకోను? ఎలా ఊరుకోనే తల్లీ?”

“ఏం తెలిసి? అత్తయ్యా! ఏం తెలిసి!!”

పరాస్కా తల ఎత్తింది. “పన్ను పీకించుకోవడానికి టౌనుకెళ్లానన్నాను గుర్తుందా? నాకే పన్నూ నొప్పిలేదు. ఆచూకీ ఆఫీసు అమ్మాయి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. చలికాలంలో పోల్చి చూడ్డానికని నా దగ్గర రక్తం తీసుకున్నారు కదా... కలిసిందట. మార్పిడిలో అవతలివాళ్లు పంపిన శవాల్లో... మనవాడు ఉన్నాడు.”

ఉల్యానాకు చెవుల్లో హోరు. ఎదురుగా ఉన్న మనిషి పెదవులు కదులుతున్నాయి, మాటలు మాత్రం ఎక్కడో దూరం నుంచి ఒక్కొక్కటే వచ్చి తగులుతున్నాయి.

“బంధువులు చేరుకోవాలి, కాస్త గడువివ్వండి అని అడిగాను. ఇంట్లో పెళ్లి ఉందని చెప్పాను. ఆ అమ్మాయి మంచిది, ఏడ్చింది పాపం, సరేనంది. మంగళవారం తీసుకొస్తారు. పెళ్లి శనివారం... పిల్లవాడు వెళ్లేది సోమవారం. ముందే తెలిస్తే ఈ పెళ్లి జరుగుతుందా? అన్న శవం ఎదురుచూస్తుంటే యారీనా పూలు పెట్టుకుంటుందా? ఒస్తాప్ అలాగే వెళ్లిపోతాడు. వాడికీ ఏదైనా అయితే... అది జీవితమంతా నన్ను అడుగుతుంది. ఒక బిడ్డ ఎలాగూ పోయాడు. రెండో బిడ్డకు రెండు రోజులు... రెండే రెండు రోజులు సంతోషం మిగుల్చుకోవాలనుకున్నాను. తప్పా ఉల్యానా?”

ఉల్యానా కళ్లముందు ఆ రోజు కదిలింది... టౌను నుంచి తిరిగొచ్చిన అత్తగారు దవడకు స్కార్ఫ్ కట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. అన్నపానాలు ముట్టలేదు. తను గోరువెచ్చగా పళ్ల జావ కాచి చెంచాతో పట్టింది. ఉప్పు వేయించి మూటకట్టి చెంపకు కాపడం పెట్టింది!

“నువ్వు అడిగావు...” పరాస్కా ఇప్పుడు ఏడుస్తోంది, శబ్దం లేకుండా, నోటికి ఏప్రన్ అడ్డం పెట్టుకుని. “‘ఎక్కడ నొప్పి అత్తయ్యా, సరిగ్గా చూపించండి’ అన్నావు. ఎక్కడని చూపించనే తల్లీ... ఎక్కడని చూపించను!”

అయ్యో! ఇన్ని రోజులుగా ఈ మనిషి ఒక్కతే మోసిందా! కూతురి పెళ్లికి తువ్వాళ్లు ఇస్త్రీ చేస్తూ, బాతులు కోస్తూ, వచ్చేపోయేవాళ్లతో నవ్వుతూ... లోపల ఇది పెట్టుకుని తిరిగిందా! ఇందాక అందరి ముందూ రాక్షసిలా నిలబడి, తిట్లన్నీ పడిందే గానీ ఒక్క మాట జారిందా? ఉల్యానాకు తను అన్న మాటలు తలచుకుంటే గుండె కోసుకుపోయింది. బల్ల దిగి, మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి, ఆ ముసలి భుజాల మీద పడిపోయింది. ఇద్దరూ ఒకరి నోరు ఒకరు మూసుకుంటూ ఏడ్చారు. బయటికి వినపడకూడదు కదా! ఇంట్లో పాట జరుగుతోంది కదా!

“వదినా! వదినా, లోపలున్నావా?” పెరట్లో యారీనా గొంతు!

పరాస్కా కొయ్యబారిపోయింది. కోడలి మొహంలోకి బిక్కుబిక్కుమంటూ చూసింది. ఇప్పుడు ఆ పెళ్లి ఈ పిల్ల నోట్లో ఉంది. ఒక్క మాట చాలు. భర్త పోయిన వార్త విన్న ఏ ఆడది గుండెలు బాదుకోకుండా ఉంటుంది? ఆ హక్కు ఆమెది కాదని ఎవరనగలరు?

ఉల్యానా లేచింది. బుట్టలోంచి ఓ పెద్ద ఉల్లిపాయ అందుకుని, కత్తితో నాలుగు ముక్కలు చేసింది. తలుపు తెరుచుకునేసరికి ఆమె కళ్లు తుడుచుకుంటూ ఉల్లిపాయలు కోస్తోంది.

“వదినా... అమ్మ తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను. రా, నువ్వు రాకపోతే నేనూ...”

“పిచ్చిదానా!” ఉల్యానా గొంతు సవరించుకుంది. “మీ అమ్మ చెప్పిందే సరి. మనిషి సంగతి తేలేదాకా నేను ముట్టకూడదు. నీ కాపురం కంటే నా పంతం ఎక్కువా? నేనే ముందు ఆలోచించాల్సింది. పో... పిండి ఉబ్బే వేళకు పెళ్లికూతురు బయట తిరక్కూడదు. ఓఖ్రిమ్ బాబాయిని పిలువు, పొయ్యి ఊడవాలి.”

“ఓఖ్రిమ్ బాబాయా? ఆయనకు నెత్తిన మూడు వెంట్రుకలు కూడా లేవు కదా వదినా!”

“ఉంగరాల జుట్టువాళ్లంతా యుద్ధంలో ఉన్నారుగా... ఉన్నవాళ్లతోనే కానిద్దాం.”

అలా కానిచ్చారు! ఓఖ్రిమ్ చీపురు పట్టుకుని, “నా ఉంగరాలన్నీ మీసాల్లోకి దిగిపోయాయమ్మా, దువ్వి చూసుకోండి!” అంటే ఆడవాళ్లు విరగబడి నవ్వారు. రొట్టె పొయ్యిలోకి వెళ్లింది. చేతులు కడిగిన పిండి నీళ్లు చెర్రీచెట్టు మొదట్లో పోశారు. తెక్లా పిన్ని మాత్రం పరాస్కా వైపు చూడనేలేదు. “కొడుకు బతికుండగానే కోడలి మెడ మీద విధవరికం వేసిన తల్లిని మొదటిసారి చూస్తున్నా!” అని ఆమెకు వినపడేలాగే అంది. పరాస్కా విని, పొయ్యిలో కట్టె సర్దింది. ఉల్యానా ఆ మాట విని, నోరు విప్పలేక పళ్లు బిగించుకుంది. రొట్టె ఒక్క పగులు కూడా లేకుండా, బంగారు రంగులో, మీద పిండి పావురాలతో పొంగి వచ్చింది.

శనివారం పెళ్లి జరిగింది. పూలకిరీటంతో యారీనా, సైనికుడి దుస్తుల మీదే కుట్టుపని చొక్కా తొడుక్కున్న ఒస్తాప్, ఇద్దరూ ఎర్రదారం అల్లిన తువ్వాలు మీద నిలబడి ప్రమాణం చేశారు. ఉల్యానా వడ్డించింది. నవ్వింది. ఎవరో చెయ్యి పట్టి లాగితే రెండడుగులు ఆడింది కూడా! ఆ అడుగుల సంగతి ఆ పాదాలకే తెలియాలి. అత్తాకోడళ్లు వంటింట్లో ఎదురుపడ్డప్పుడల్లా ఒకరి చెయ్యి ఒకరు నొక్కుకుని వెళ్లిపోయారు.

సాయంత్రం కొరొవాయ్ కోసే వేళ వచ్చింది. భుజం మీద తువ్వాలు కట్టుకున్న ఓఖ్రిమ్ ఒక్కొక్క బంధువునీ పేరు పెట్టి పిలుస్తాడు. వాళ్లు లేచి, రొట్టె ముక్క అందుకుని, కొత్త జంటను దీవించాలి. మొదటి ముక్క తల్లికి. ఆ తర్వాత తోడబుట్టినవాడికి. ఓఖ్రిమ్ కాస్త తాగి ఉన్నాడు, అలవాటు కొద్దీ ఖంగుమని పిలిచేశాడు.

“పెళ్లికూతురి అన్నగారు... దెమ్యాన్! దెమ్యాన్ వాటా!”

డప్పు ఆగింది. ఓఖ్రిమ్ నాలుక కరుచుకున్నాడు. యారీనా కళ్లలో నీళ్లు తిరిగాయి. పరాస్కా చేతిలోని ముక్క జారి బల్ల మీద పడింది. ఆమె పెదవులు విచ్చుకుంటున్నాయి... ఇక ఆగలేదు, అరిచేస్తుంది, ఇన్నాళ్లు దాచింది ఇక్కడే బద్దలవుతుంది!

బల్ల చివర నుంచి ఉల్యానా లేచింది.

“ఇటివ్వండి బాబాయ్. మా ఆయన వాటా.”

అందరూ చూస్తుండగా నడిచి వచ్చింది. నడుముకు చెక్కుకున్న తువ్వాలు విప్పి, రెండు చేతుల మీదా పరిచి పట్టింది. ఓఖ్రిమ్ కన్నీళ్లు తుడుచుకుంటూ, పిండిపావురం ఉన్న ముక్క కోసి అందులో పెట్టాడు. ఉల్యానా కొత్త జంట వైపు తిరిగింది.

“యారీనా... ఒస్తాప్... మీ అన్నయ్య ఉంటే ఏమనేవాడో మీకు తెలుసు. ‘నా జుట్టు మీద ఒట్టు, నూరేళ్లు కాపురం చెయ్యండి’ అనేవాడు. నేనూ అదే అంటున్నాను. ఈ వాటా... ఈ వాటా నేనే ఆయన చేతికి అందిస్తాను.”

జనం చప్పట్లు కొట్టారు. వాయిద్యం మోగింది. యారీనా పరుగున వచ్చి వదినను కౌగిలించుకుంది. పరాస్కా ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. కోడలి చేతుల్లో మడిచిన ఆ తువ్వాలు వైపే చూస్తూ, వంగి ఆ చేతులను ముద్దుపెట్టుకుంది. అత్తగారు కోడలి చేతులు ముద్దుపెట్టుకోవడమేమిటని తెక్లా పిన్ని నివ్వెరపోయింది.

ఆమెకు సంగతి మంగళవారం తెలిసింది. ఊరికి ఊరే రోడ్డుకు రెండు వైపులా మోకాళ్ల మీద కూర్చుంది. సైనిక వాహనం నెమ్మదిగా వచ్చింది. “తెలుసా! మీ ఇద్దరికీ తెలుసా! తెలిసి నా చేత నాట్యం చేయించారా!” అని మెట్టినింటి నుంచి అప్పుడే పరుగెత్తుకొచ్చిన యారీనా జుట్టు పీక్కుని తల్లి మీదకు వెళ్లబోయి, వదిన చేతిలోని తువ్వాలు చూసి అక్కడే ఆగిపోయింది. ఉల్యానా మూసిన పెట్టె మీద ఆ రొట్టె ముక్క పెట్టింది. మాట ఇచ్చినట్టే అందించింది. యారీనా తల్లి కాళ్ల మీద పడి, “ఎలా దాచుకున్నావే అమ్మా, ఎలా ఊపిరాడిందే నీకు!” అని గుండెలవిసేలా ఏడ్చింది. తెక్లా పిన్ని రోడ్డు మీదే పరాస్కా ముందు తలవంచి, “నన్ను క్షమించు వదినా, పాపిష్టి నోరు నాది” అంది. పరాస్కా ఆవిడ స్కార్ఫ్ సరిచేసి, లేవదీసింది.

అంతకుముందు, ఆ ఉదయమే, సమాధి చేశాక పెట్టే భోజనానికి రొట్టెలు చెయ్యాల్సి వచ్చింది. ఆ రొట్టెలు మాత్రం భర్త పోయినవాళ్లే చేస్తారు. అదే తొట్టి. పరాస్కా తొట్టికి ఒక పక్క, ఉల్యానా ఇంకో పక్క నిలబడ్డారు. ఇద్దరి నెత్తినా నల్ల స్కార్ఫులు. ఈసారి ఎవరూ ఎవరి మణికట్టూ పట్టుకోలేదు. నాలుగు చేతులూ పిండిలోకి దిగాయి.

“గట్టిగా ఉంది. ఇంకాసిని నీళ్లు పొయ్యవే తల్లీ,” అంది పరాస్కా.

“చాల్లే అమ్మా, సరిపోతాయి,” అంది ఉల్యానా. ఇన్నేళ్లలో ఆవిడను అమ్మా అని పిలవడం అదే మొదలు.